బావ మోకాలూ, పసుపు లోపలికి పోయే దారీ

మా బావకి రెండు కాపురాలు ఉండేవి. కంగారు పడకండి. ఒకటి మల్కాపురంలో మా అప్పతో, రెండోది పోర్టులో క్రేనుతో. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పతో కాపురంలో మాట అప్పది. క్రేనుతో కాపురంలో మాట బావది. క్యాబిన్‌లో కూర్చుని ఆయన ఒక హేండిలు ఇటు లాగితే ఓడ కడుపులోంచి టన్నుల బరువు గాల్లోకి లేచేది. ఇంట్లో ఆయన ఎంత అరిచినా అరుగు మీద పిల్లి కూడా లేచేది కాదు. అందుకని ఆయనకి పై కాపురమే ఎక్కువ ఇష్టం. అక్కడ సముద్రం గాలి, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, కింద చీమల్లా మేమూ.

ఆ చీమల్లో నేనొకణ్ణి. ఏడో తరగతిలో నాకూ బడికీ పడలేదు. నేను వెళ్ళిపోతానన్నాను, బడి ఆగమనలేదు. తరవాత అప్పావాళ్ళింట్లో ఉంటూ పోర్టులో సిగ్నల్ మనిషిగా చేరాను. క్రేను పైనున్న వాడికి ఓడ లోపల ఏముందో కనపడదు. అంచు దగ్గర నిలబడి చేతులూపేవాడి చేతులే ఆయనకి కళ్ళు. బళ్ళో చేతులూపితే బెంచీ ఎక్కించేవారు, పోర్టులో దానికే జీతం ఇచ్చారు. చేతులు కనపడనప్పుడు అరవాలి. ఎత్తమంటే హబీస్, దించమంటే ఆరియా. ఈ మాటలు ఏ దేశం నుంచి వచ్చాయో నాకు తెలియదు. ఏ ఓడలోనో వచ్చి ఉంటాయి, దిగాక తిరిగి ఎక్కలేదు.

స్టీలు ప్లాంటు కట్టడం మొదలై, ఊరినిండా లారీలూ కొత్త మొహాలూ కనిపిస్తున్న రోజుల్లో బావ మోకాళ్ళు వాచాయి. కుడిది మరీను, చూడ్డానికి చిన్న గుమ్మడికాయలా ఉండేది. క్రేను క్యాబిన్‌కి మెట్లుండవు, నిట్టనిలువు ఇనప నిచ్చెన ఒకటే. దాన్ని పట్టుకుని ఎక్కుతూ మధ్యలో ఆగి, కొండకేసి చూస్తున్నట్టు నటించేవాడు. కొండ అక్కడే ఉందని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

"దిగినప్పుడే ఎక్కువ సలుపుతంది రా," అన్నాడు ఒకసారి. ఆ మాట ఎవరం పట్టించుకోలేదు. ఎందుకంటే అదే వారం ఎక్కడం గురించి ఆర్డరు వచ్చింది. యాభై దాటిన ఆపరేటర్లందరూ నెలాఖరున డాక్టరు ముందూ ఫోర్‌మన్ ముందూ నిచ్చెన ఎక్కి చూపించాలి. ఎక్కలేని వాళ్ళకి గోడౌన్ గుమ్మం దగ్గర స్టూలు వేసి కాపలా డ్యూటీ ఇస్తారు.

బావ ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

"ఇన్నాళ్ళు ఓడలకి ఓడలు దించినాను. ఇప్పుడు తాళం కప్పకి నాను కాపలా కాయాలేటి?" అన్నాడు.

"కప్ప ఎక్కడికీ ఎల్లదులే బావా, పని తేలిక," అన్నాను. నాకు అలాంటి సమయాల్లోనే ఇలాంటి మాటలు వస్తాయి. బావ కంచం ముందుకి తోసేశాడు. అప్ప గరిటె నాకేసి చూపించింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకిది ఉద్యోగం గొడవ కాదు. ఆ క్యాబిన్ పోతే ఆయనకి ఈ లోకంలో మాట చెల్లే చోటు ఇంక లేదు.

పరీక్షకి ముందే ఆ పోర్టు డాక్టరు దగ్గరికే వెళ్ళాం. నొప్పి బిళ్ళలూ బీకాంప్లెక్స్ బిళ్ళలూ ఇచ్చి, "కొన్నాళ్ళు నిచ్చెన ఎక్కకు, కాలు చాపుకుని పడుకో," అన్నాడు. బావ బిళ్ళలు జేబులో వేసుకుని, తిన్నగా వెళ్ళి నిచ్చెన ఎక్కాడు. రెండు మాటల్లో ఒకటి విన్నాం కదా అని ఆయన లెక్క.

ఇక రంగంలోకి అప్ప దిగింది, చేతిలో పసుపు డబ్బాతో. ఆ డబ్బా మా ఇంట్లో సగం ఆస్పత్రి. వైరు రోపు గీసుకుని వేలు తెగితే పసుపు. జలుబు చేస్తే పసుపు వేసిన ఆవిరి, గొంతు పట్టేస్తే పసుపు వేసిన పాలు, కాలు బెణికితే పసుపూ సున్నమూ. అది పని చేసేది కూడా. పుండు చీము పట్టేది కాదు, వాపు కాస్త తగ్గేది. తగ్గకపోతే తప్పు కాలిది, పసుపుది కాదు. బావ మోకాలికి పసుపూ నువ్వుల నూనే కలిపి వెచ్చజేసి పట్టు వేయాలని అప్ప తీర్మానించింది. పట్టు వేసే డ్యూటీ నాది, ఎందుకంటే చేతులే కదా నా అర్హత. రోజూ సాయంత్రం పోర్టు నుంచి వచ్చి ఆయన మోకాళ్ళు రుద్దేవాణ్ణి. నా అరచేతులు పచ్చబడ్డాయి, మోకాలు పట్టుకుని కూర్చునే ఆయన అరచేతులూ పచ్చబడ్డాయి, ఆయన లుంగీ పచ్చబడింది, మంచం నవారు పచ్చబడింది. మోకాలు మాత్రం అలాగే ఉంది.

పక్క వాటాలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఆవిడ భర్తకి స్టీలు ప్లాంటులో పని. ఆవిడ మా గుమ్మంలో నిలబడి నా రుద్దుడు చూసి జాలిపడింది.

"గోడకి సున్నం వేసినట్టు పైపైన రాస్తే ఏం లాభవండీ. నొప్పి లోపలుంది కదండీ. పాలల్లో వేసి తాగించండి, ఆయ్."

అప్పకి ఆ మాట నచ్చింది. నచ్చితే అప్ప చిటికెడుతో ఆగదు. పొద్దునో చెంచా, సాయంత్రమో చెంచా. బావ కళ్ళు మూసుకుని తాగేవాడు. నాలుగైదు రోజులయ్యాక ఒక పొద్దున పెరట్లోంచి వచ్చి చెంబు కింద పెట్టి, చాలా గంభీరంగా నా పక్కన కూర్చున్నాడు.

"ఒరే, ఒక మాట. తాగింది తాగినట్టే ఎలిపోతంది."

"ఏటి బావా?"

"పసుపు. లోపల ఏటీ ఆగట్నేదు. ఏ రంగు ఎల్లిందో అదే రంగు వొచ్చీసింది."

పోర్టు మనుషులం, మాకు ఇది చెప్పగానే అర్థమైంది. ఓడ వచ్చింది, బెర్తుకి కట్టారు, సరుకు దించకుండానే తిరిగి వెళ్ళిపోయింది. ఎక్కడో మూత తెరవలేదు. ఈ మాట నేను అప్పతో అంటే, "మీ పోర్టు మాటలు వొంటింట్లో వొద్దు," అంది గాని, పాలగ్లాసు అడుగున మడ్డిలా దిగిన పసుపుని వేలితో తీసి చూస్తూ ఆలోచనలో పడింది.

ఆ ఆదివారం పాత ఊరికి వెళ్ళి, మేం ఎప్పుడూ దినుసులు కొనే సాయిబుగారిని అడిగాను. ఆయన తాత నుంచి ఆ కొట్టు వాళ్ళదే. లవంగం వాసన చూసి అది ఏ సంచిలోదో చెప్పగలనని ఆయనే చెప్పేవారు, మేం పరీక్ష పెట్టలేదు.

"పసుపు నీళ్ళల్లో కలవదు భాయ్," అన్నారు. "గ్లాసు కింద కూసుంటాది. దానికి నెయ్యో నూనో కావాల, అందులో కరుగుతాది. వేడి కావాల. ఇంకోటి, మిరియం కావాల."

"మిరియం ఎందుకండీ?"

"పసుపుకి తొందర జాస్తి. లోపలికి పోయింది పోయినట్టే బయటికి పోతాది. మిరియం ఉందనుకో, చెయ్యి పట్టుకుని ఆపుతాది. జర కూసో, చాయ్ తాగి పో, అంటాది."

మిరియాలు ఆయన కొట్లోనే ఉండడం మా అదృష్టం. పొట్లం కట్టించుకుని వచ్చాను. ఆయన మిరియాలు అమ్ముకోడానికి అన్నారో నిజంగానే అన్నారో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు మా మనవలు ఫోను చూసి అదే మాట నాకు కొత్తగా చెబుతుంటారు. పసుపు ఒక్కటే అయితే ఒంటికి పెద్దగా పట్టదట, కొవ్వులో కరుగుతుందట, మిరియంలో ఘాటు దాన్ని తొందరగా పోనివ్వదట. నేను నోరు తెరుచుకుని వింటాను. పెద్దవాళ్ళకి కొత్త విషయం చెప్పామన్న ఆనందం పిల్లలకి ఎందుకు పాడుచేయాలి.

అప్ప వంట మార్చింది. మూకుట్లో నెయ్యి కాచి, అందులో పసుపు వేసి, కల్వంలో నూరిన మిరియాలు వేసి, పాలు పోసి మరిగించేది. చెంచాలు మాత్రం తగ్గించలేదు, పైగా మధ్యాహ్నం ఇంకొకటి కలిపింది. దారి దొరికింది కదా, బళ్ళన్నీ పంపిద్దాం అనుకుంది. బావ ఒంట్లోకి పసుపు నిజంగానే దిగడం మొదలెట్టిందో ఏమో, వాపు కొంచెం మెత్తబడినట్టు అనిపించింది. కడుపు మాత్రం తిరగబడింది. అన్నం చూస్తే మొహం తిప్పుకునేవాడు. అదే సమయంలో, జేబులో ఉన్న బీకాంప్లెక్స్ బిళ్ళలు కూడా వరసగా వేసుకుంటున్నాడు.

ఇప్పుడు మీరే చూడండి. అరచేతులు పసుపు, గోళ్ళు పసుపు, ఆకలి లేదు. ఆ బిళ్ళల పుణ్యమా అని మూత్రం బంగారం రంగు. వీధి చివర మామ్మ ఒక సాయంత్రం పరామర్శకి వచ్చి, బావ చెయ్యి తిప్పి చూసి, మంచానికి దూరం జరిగింది.

"ఇతగాడికి కామెర్లు," అంది.

మామ్మ ఊరికే అనే మనిషి కాదు, పరీక్ష కూడా చేసింది. గుప్పెడు బియ్యం తెప్పించింది. ఒక చిప్పలో బావ చేత పోయించి, అందులో బియ్యం వేయించింది. కాసేపటికి బియ్యం పచ్చబడ్డాయి. పచ్చబడక ఏమవుతాయి. ఇంకా అనుమానం ఉంటుందని ఆయన్ని వరండాలో బల్బు కిందకి తెచ్చి కళ్ళు చూసింది. ఆ బల్బు కింద చూస్తే మా పిల్లికీ, పక్కింటావిడకీ, మామ్మకీ కూడా కామెర్లే.

"మామ్మా, ఈ సేతులకున్నాది నాను రాసిన పసుపే," అన్నాను.

"కామెర్లొచ్చినోల్లందరూ అలగే అంటారు. ఏదీ, నీ సెయ్యి సూపించు."

చూపించాను. మామ్మ అప్పకేసి తిరిగి, "ఈడికీ అంటుకున్నాది," అంది.

గంధకం ఓడ వచ్చినప్పుడు పోర్టులో మేమందరం తలనుంచి కాళ్ళదాకా పచ్చగా ఇంటికి వచ్చేవాళ్ళం. అప్పుడు ఏ మామ్మా బియ్యం అడగలేదు. ఆ నెల మా ఖర్మకి గంధకం ఓడ రాలేదు, బొగ్గు వచ్చింది.

మా వైపు కామెర్లంటే ముందు వంటింట్లోంచి వెళ్ళిపోయేది పసుపు. తరవాత నూనె, నెయ్యి, కారం, మిరియం. అంటే ఇన్ని రోజుల నుంచి ఇల్లంతా కలిసి కష్టపడి పసుపుకి తోడుగా ఎవరెవరిని సమకూర్చిందో, వాళ్ళందరినీ ఒక్క పూటలో గెంటేశారు. మా ఇద్దరికీ ఉప్పులేని మజ్జిగన్నం. దువ్వాడ స్టేషను వెనక ఒకాయన కామెర్లకి ఆకు పసరు ఇచ్చేవాడు. పరగడుపున బస్సెక్కించి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. ఆ పసరు రుచి చెప్పడానికి ఏడో తరగతి చదువు చాలదు, పైచదువులున్న వాళ్ళు తాగి చెప్పాలి.

బావకి మాత్రం నవ్వులాట కాదు. "కామెర్లని పోర్టులో తెలిసిందంటే పరీక్షే ఎట్టరు రా. తాళం సేతిలో ఎట్టీసి పంపిత్తారు," అన్నాడు బస్సులో, కిటికీలోంచి చూస్తూ. అందుకని సెలవుకి బంధువుల పెళ్ళని చెప్పమన్నాడు. ఆయన పెళ్ళిలో ఉన్నన్నాళ్ళూ మంచం మీదే ఉన్నాడు. లేస్తే అప్ప పడుకోమనేది, పడుకుంటే మామ్మ వచ్చి లేచాడేమోనని చూసిపోయేది. నేను మాత్రం మర్నాడే కిరసనాయిలుతో చేతులు తోముకుని డ్యూటీకి పోయాను. ఒకే ఇంట్లోంచి ఇద్దరు పెళ్ళికి వెళితే ఫోర్‌మన్ భోజనాల గురించి అడుగుతాడని భయం.

నెలాఖరు వచ్చింది. ఆ పొద్దున బావ మంచం దిగి నిలబడి, కుడి మోకాలు వంచాడు, చాపాడు. గుమ్మడికాయ చాలావరకు నిమ్మకాయ అయింది. ఇక చూడాలి ఇంట్లో. పసరు పని చేసిందని మామ్మ. లోపల నిలవున్న పసుపు ఇప్పుడు పని మొదలెట్టిందని గోదావరి ఆవిడ. అంతా నెయ్యి మహిమని అప్ప. సాయిబుగారు అక్కడ లేరు కాబట్టి మిరియం తరఫున నేను మాట్లాడాను. బావ పెరట్లోకి పోయి చింతపండుతో అరచేతులు రుద్దుకోవడం మొదలెట్టాడు. గీతల్లో దిగిన పసుపు పోలేదు. గోళ్ళ చివర్లదీ పోలేదు.

పోర్టులో డాక్టరు ఆయన చెయ్యి పట్టుకోగానే నా చేతులు నేను వీపు వెనక దాచుకున్నాను. చెయ్యి చూశాడు, వెలుతురులోకి తిప్పి కంటి రెప్ప లాగి చూశాడు.

"ఏమయ్యా, ఏం పూసుకున్నావు?"

బావ నాకేసి చూశాడు. మాటలు నా శాఖ. మొదటి నుంచీ చెప్పాను, బియ్యం దగ్గర కాస్త కుదించి చెప్పాను. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కనున్న ఫోర్‌మన్ ఓడకేసి తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి.

"కళ్ళు తెల్లగా మల్లెపువ్వుల్లా ఉన్నాయి. కామెర్లూ లేవు, ఏమీ లేవు. మూత్రం రంగు నేనిచ్చిన బిళ్ళలది. పసుపు మంచిదే, మిరియం వేసుకో, నెయ్యి వేసుకో, నాకేం అభ్యంతరం లేదు. చిటికెడు వేసుకో. చెంచాలు మింగితే కడుపు ఇలాగే తిరగబడుతుంది. ఇంతకీ మంచం మీద ఎన్నాళ్ళున్నావు?"

"పెళ్ళి అయ్యేదాకానండి," అన్నాడు బావ, కంగారులో.

"అదే నీ మోకాలికి మందు. మొదటి రోజే చెప్పాను. సరే, ఎక్కు."

బావ నిచ్చెన పట్టుకున్నాడు. నేను నా చోటులో నిలబడ్డాను. చేతులు ఊరికే ఉండలేక పైకి లేచాయి, ఎత్తమని సిగ్నల్ ఇస్తున్నట్టు. ఒక్కొక్క మెట్టే ఎక్కాడు, తొందర లేదు. మధ్యలో ఎక్కడా కొండకేసి చూడలేదు. క్యాబిన్ తలుపు తీసి లోపలికి వెళ్ళి కూర్చుని, కిటికీలోంచి పచ్చటి అరచెయ్యి ఒకటి బయట పెట్టి ఊపాడు. ఫోర్‌మన్ సరేనని రాసుకున్నాడు. డాక్టరు పక్క క్రేను వాడి దగ్గరికి నడిచాడు. పని మొదలైంది. ఆ రోజు బావ బొగ్గుని దూదిలా దించాడు.

టీ వేళ అందరూ దిగారు. బావ దిగలేదు. రమ్మని చెయ్యి ఊపాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అరిచాడు. గొంతు తగ్గించి అరవడం క్రేను వాళ్ళకే చేతనవుతుంది.

"ఎక్కమంటే ఇన్నాది రా. దిగమంటే ఇనట్నేదు."

అప్పుడు గుర్తొచ్చింది, దిగేటప్పుడే ఎక్కువ సలుపుతుందని ఆయన మొదట్లోనే అన్నాడు. ఆర్డరు రాసిన వాళ్ళకి ఎక్కడమే తట్టింది, మాకూ అంతే. మనిషి పైకి చేరితే చాలు, కిందకి తనంతట తానే వస్తాడని అందరి నమ్మకం.

టీ ఫ్లాస్కుని గోనెసంచిలో పెట్టి కొక్కేనికి తగిలించి, ఎత్తమని సిగ్నల్ ఇచ్చాను. అంత పెద్ద క్రేను ఒక ఫ్లాస్కుని ఎత్తింది. సరుకు మోసే కళాసీ ఎవడో చూసి, "ఏట్రా, కొత్త సరుకా?" అన్నాడు. "ఎగుమతి," అన్నాను. భోజనం కేరేజీ కూడా అలాగే ఎగుమతయింది.

సైరను మోగి, గేంగులన్నీ గేటు వైపు నడిచి, బెర్తు ఖాళీ అయ్యాక బావ బయటకి వచ్చాడు. నిచ్చెనకి మొహం పెట్టి, నొప్పి కాలు ముందు కిందకి వేశాడు. కింద మెట్టు ఎక్కడుందో ఆయనకి కనపడదు. నా చేతులూ కనపడవు, వీపు నా వైపు ఉంది. మిగిలింది గొంతు.

"ఆరియా," అన్నాను. కాలు వెతుక్కుంటూ దిగింది. "ఇంకొంచెం ఆరియా... ఆగు, దొరికింది. రెండోది తే. ఆరియా."

ఓడలోంచి గాజు సామాను దించేటప్పుడు కూడా నేను అంత నెమ్మదిగా పలకలేదు. నేల మీద కాలు పెట్టి, నిచ్చెనని ఒక చేత్తో పట్టుకుని, బెర్తంతా ఒకసారి కలయజూశాడు.

"ఎవులైనా సూసినారేటి?"

"కాకి సూసింది బావా."

"దానికి సెప్పకు."

ఆయన రిటైరయ్యేదాకా ఇలాగే సాగింది. ఆయన ఎక్కడం ఊరంతా చూసేది, దిగడం నేనూ కాకీ. రెండోసారి పరీక్ష పెట్టినా ఎక్కమనే అన్నారు.

ఆ మొదటి రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అప్ప గుమ్మంలోనే ఉంది. బావ మొహం చూసింది, కాలు చూసింది, చెంబుతో నీళ్ళందించింది. తరవాత అడిగింది, "మరైతే, పని సేసింది పసుపేనా?"

డాక్టరు మాట చెబుదామని నేను నోరు తెరిచాను. బావ నా కాలు తొక్కాడు, నొప్పిలేని కాలితో.

"పసుపే," అన్నాడు. "రేపట్నించి ఫ్లాస్కులో పోసీ. పైకి అట్టుకెల్తాను. మిరియం మరో రెండు ఎక్కువెయ్యి."